చుట్టరికం లేని ఎక్సెప్షన్లను ఒక గుంపుగా పట్టుకోవడం ఎలా? పలాస జీడి పద్దుతో జావా మార్గదర్శి

పలాస-కాశీబుగ్గలో జీడి పిక్కలు కొనే ఒక షావుకారు ఉన్నారనుకోండి. సీజన్‌లో ఉద్దానం రైతులు తెచ్చిన సరుకును గుమస్తా తూకం వేయించి, సాయంత్రానికి గడులను కామాలతో విడదీసే ఒక సీఎస్‌వీ ఫైలులోకి ఎక్కిస్తాడు. తేదీ, పార్టీ నంబరు, బస్తాలు, మొత్తం కిలోలు, కిలో రేటు, అంతే. బస్తా అంటే అక్కడ 80 కిలోలు. రాత్రికి మన జావా ప్రోగ్రాము ఆ ఫైలు తెరిచి, వరసలన్నీ చదివి డేటాబేస్‌లో వేయాలి. పెద్ద కోడేమీ కాదు.

అయినా అందులో ఆగిపోవడానికి కారణాలు బోలెడు. ఫైలు ఆ ఫోల్డర్లో లేకపోవచ్చు. తేదీ తప్పు పడవచ్చు. అంకె ఉండాల్సిన చోట ఖాళీ ఉండవచ్చు. డేటాబేస్‌కి కనెక్షన్ తెగవచ్చు. ఒక్కోదానికి జావాలో ఒక్కో ఎక్సెప్షన్ క్లాసు ఉంది. కానీ వాటి మధ్య చుట్టరికం చాలా దూరం, కొన్నిటికైతే అసలు లేదనే అనుకోవచ్చు.

ఇలాంటి చోట కొత్తగా నేర్చుకున్నవాళ్ళు రెండు దారుల్లో ఒకటి పడతారు. ఐదారు క్యాచ్ బ్లాకులు వరసగా రాసి అన్నిటిలోనూ అవే రెండు లైన్లు కాపీ కొడతారు. లేదంటే విసుగొచ్చి ఒకే ఒక్క ‘క్యాచ్ ఎక్సెప్షన్’ పెట్టి చేతులు దులుపుకుంటారు. రెండింటికీ మధ్య దారి ఒకటుంది. ఎక్సెప్షన్లను వాటి వంశవృక్షం చూసి కాకుండా, అవి వచ్చినప్పుడు మనం ఏం చేయబోతున్నామో చూసి గుంపులు కట్టాలి. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

ట్రై, క్యాచ్ అంటే తెలిసి, జావా 8 గానీ ఆ పై వెర్షన్ గానీ మెషీన్లో ఉంటే చాలు. కోడ్ వరసలు ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. కీవర్డులు, జావా క్లాసుల పేర్లు కీబోర్డు మీద వాటి అసలు స్పెల్లింగ్‌లోనే కొట్టాలి.

మొదటి అడుగు: పాడైన ఫైలు ఒకటి ముందే తయారు చేసుకోండి

కోడ్ కంటే ముందు ఫైలు. మంచి ఫైలుతో మొదలుపెడితే క్యాచ్ బ్లాకులన్నీ ఊహ మీద రాయాల్సి వస్తుంది. కింది ఐదు వరసలూ అంకెలు ఊహించి వేసినవే గానీ, తప్పులు మాత్రం నిజంగా పడే రకాలే.

2024-05-14,27,12,962.5,142
2024-05-14,31,9 ,718,142
2024-05-14,18,15,1,204,141
2024-06-31,27,10,801,140
2024-05-15,44,6,481,

మొదటి వరస బాగుంది. రెండో వరసలో 9 తరవాత ఒక ఖాళీ ఉంది. ఇంటిజర్.పార్స్‌ఇంట్ దాన్ని ఒప్పుకోదు, నంబర్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్ విసురుతుంది. అదే ఖాళీ డబుల్.పార్స్‌డబుల్‌కి ఇస్తే కిక్కురుమనకుండా మింగేస్తుంది, ఎందుకంటే అది ముందూ వెనకా ఖాళీలు తనే కత్తిరించుకుంటుంది. బిగ్‌డెసిమల్ మళ్ళీ ఒప్పుకోదు. ఒకే తప్పుకి మూడు మెథడ్లు ఒక్కలా ప్రవర్తించవని ఇక్కడే తెలుస్తోంది కదా.

నాలుగో వరసలో జూన్ 31. లోకల్‌డేట్.పార్స్ దీనికి డేట్‌టైమ్‌పార్స్‌ఎక్సెప్షన్ ఇస్తుంది. అయితే ఒక జాగ్రత్త. మన పద్ధతిలో రోజు-నెల-సంవత్సరం అని రాసుకోవడానికి డేట్‌టైమ్‌ఫార్మాటర్.ఆఫ్‌ప్యాటర్న్ వాడారనుకోండి, దాని డిఫాల్ట్ పద్ధతి ‘స్మార్ట్’. అది జూన్ 31ని చూసి ఏ ఎక్సెప్షనూ ఇవ్వకుండా జూన్ 30గా దిద్దేస్తుంది. షావుకారు పద్దులో తేదీని మిషను దిద్దడం నాకైతే ఒప్పుకోలేని విషయం. విత్‌రిజాల్వర్‌స్టైల్ మెథడ్‌తో ‘స్ట్రిక్ట్’ పెట్టండి. అప్పుడు ప్యాటర్న్‌లో సంవత్సరానికి నాలుగు ‘వై’లు కాకుండా నాలుగు ‘యు’లు రాయాలి, లేకపోతే మంచి తేదీలు కూడా తిరిగొస్తాయి.

ఐదో వరసలో రేటు గడి ఖాళీ. స్ప్లిట్ మెథడ్ చివర్లో ఉన్న ఖాళీ ముక్కలను పారేస్తుంది, కాబట్టి నాలుగు గడులే వస్తాయి. ఐదోది అడగగానే అరే‌ఇండెక్స్‌అవుట్‌ఆఫ్‌బౌండ్స్‌ఎక్సెప్షన్.

ఇక మూడో వరస. గుమస్తా అలవాటుగా 1,204 అని కామా పెట్టాడు. ఆ కామా దగ్గర గడి రెండుగా చీలిపోయి బరువు 1 కిలో, రేటు 204 రూపాయలు అయిపోయింది. ఎక్సెప్షన్? ఏదీ రాదు. పదిహేను బస్తాల సరుకు కిలో పద్దుగా డేటాబేస్‌లో కూర్చుంటుంది. ఎన్ని క్యాచ్‌లు పెట్టినా దీన్ని పట్టుకోలేవు. గడులు ఐదే ఉన్నాయా అని ముందు లెక్కపెట్టడమే దీనికి మందు.

రెండో అడుగు: ఎవరు ఎవరి పిల్లలో చూడండి

జావాలో విసరగలిగేవన్నీ త్రోయబుల్ కిందకి వస్తాయి. దానికి రెండు కొమ్మలు: ఎర్రర్, ఎక్సెప్షన్. ఎక్సెప్షన్ కింద రన్‌టైమ్‌ఎక్సెప్షన్ ఒక పెద్ద కొమ్మ. మన ప్రోగ్రాములో వచ్చేవి ఎక్కడ వేలాడుతున్నాయో చూద్దాం.

నంబర్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్ తల్లి ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్, దాని తల్లి రన్‌టైమ్‌ఎక్సెప్షన్. డేట్‌టైమ్‌పార్స్‌ఎక్సెప్షన్ తల్లి డేట్‌టైమ్‌ఎక్సెప్షన్, ఆమె తల్లీ రన్‌టైమ్‌ఎక్సెప్షనే. ఈ రెంటినీ కలిపి పట్టుకోవాలంటే అతి దగ్గరి ఉమ్మడి పూర్వీకురాలు రన్‌టైమ్‌ఎక్సెప్షన్ ఒక్కటే. ఆ గొడుగు కిందే నల్‌పాయింటర్‌ఎక్సెప్షన్ కూడా ఉంది. అంటే ‘క్యాచ్ రన్‌టైమ్‌ఎక్సెప్షన్’ అని రాశారంటే మీ కోడ్‌లో ఉన్న బగ్గు కూడా గుమస్తా తప్పు ఖాతాలో పడిపోతుంది. పాపం ఆయన ఫైలు పది సార్లు తిరగేసి, "ఏటి బాబూ, అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా!" అని ఫోన్ చేస్తాడు.

ఫైలు తరఫున ఐఓఎక్సెప్షన్, డేటాబేస్ తరఫున ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్ నేరుగా ఎక్సెప్షన్‌కే పిల్లలు. ఈ రెండూ చెక్డ్ రకం, పట్టుకోవాలి లేదా మెథడ్ తల మీద త్రోస్ అని ప్రకటించాలి. ఐఓఎక్సెప్షన్‌కి బోలెడు సంతానం. ఫైలు లేకపోతే నోసచ్‌ఫైల్‌ఎక్సెప్షన్, అనుమతి లేకపోతే యాక్సెస్‌డినైడ్‌ఎక్సెప్షన్, అక్షరాలు అర్థం కాకపోతే మాల్‌ఫార్మ్‌డ్‌ఇన్‌పుట్‌ఎక్సెప్షన్.

మూడో అడుగు: ఎవరు బాగుచేస్తారో దాన్నిబట్టి విడదీయండి

అసలు పని ఇక్కడుంది. ఒక కాగితం తీసుకుని రెండు నిలువు గీతలు గీసి మూడు గడులు చేయండి. మొదటి గడి గుమస్తాది: ఆయన ఫైలు దిద్దితే తీరిపోయే తప్పులు. రెండోది కాలానిది: కాసేపాగి మళ్ళీ ప్రయత్నిస్తే పోయేవి. మూడోది మీది: కోడ్ మారిస్తే తప్ప పోనివి. ఇప్పుడు పైన రాసుకున్న పేర్లన్నీ ఈ మూడింటిలో సర్దండి.

సర్దుతుంటే వంశవృక్షం ఎంత తక్కువ పనికొస్తుందో కళ్ళకు కడుతుంది. ఒక ఉదాహరణ కొంచెం దగ్గరగా చూద్దాం. బరువు గడిలో ఎవరో మెసేజ్‌లోంచి కాపీ చేసి 480½ అని పేస్ట్ చేశారు. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే విండోస్ పాత ఎన్‌కోడింగ్‌లో పడుతుంది. ఆ సగం గుర్తు ఒకే బైట్‌గా వెళ్తుంది, అది యూటీఎఫ్-8లో చెల్లని బైట్. ఫైల్స్.రీడ్‌ఆల్‌లైన్స్ వేరే చెప్పకపోతే యూటీఎఫ్-8 అనుకునే చదువుతుంది కాబట్టి మాల్‌ఫార్మ్‌డ్‌ఇన్‌పుట్‌ఎక్సెప్షన్ వస్తుంది. అదే ఫైలును ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అని సేవ్ చేస్తే చదవడం సాఫీగా సాగి, అంకెగా మార్చే దగ్గర నంబర్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్ వస్తుంది. గడిలో పడిన తప్పు ఒకటే. వచ్చిన ఎక్సెప్షన్లు రెండు వేరువేరు కొమ్మలవి, ఒకటి చెక్డ్, ఒకటి అన్‌చెక్డ్. కానీ రెండింటికీ చేయాల్సింది ఒకటే: ఆ గడి దిద్దమని గుమస్తాకి చెప్పడం. కాబట్టి రెండూ ఒకే గుంపు.

ఎక్సెల్ యూటీఎఫ్-8 సేవ్‌కి ఇంకో తిరకాసుంది. ఫైలు మొదట్లో కంటికి కనపడని బీఓఎమ్ గుర్తు పెడుతుంది. జావా దాన్ని తీసేయదు. దాంతో మొదటి వరసలో మాత్రమే, చూడ్డానికి చక్కగా ఉన్న తేదీ మీద, డేట్‌టైమ్‌పార్స్‌ఎక్సెప్షన్ వస్తుంది. ట్రిమ్ చేసినా పోదు. ఇది గుమస్తా దిద్దలేని తప్పు, కాబట్టి ఎక్సెప్షన్‌గా పట్టుకోకుండా చదివే ముందే మొదటి అక్షరం చూసి తీసేయండి. ఒకే క్లాసు రెండు గడుల్లోకి పోగలదన్నమాట.

మాల్‌ఫార్మ్‌డ్‌ఇన్‌పుట్‌తో పాటు పుట్టిన మిగతా ఐఓఎక్సెప్షన్లు, గుమస్తా పెట్టాల్సిన ఫైలే లేకపోవడం తప్ప, ఉదాహరణకు నెట్‌వర్క్ డ్రైవ్ ఊడిపోవడం, కాలం గడిలోకి పోతాయి. తోబుట్టువులు విడిపోయి, పరాయివాళ్ళు ఒక చోట చేరారు. నల్‌పాయింటర్ మూడో గడిలోనే ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టుకోకూడదు. అరే‌ఇండెక్స్ కూడా అంతే. గడులు లెక్కపెట్టాక కూడా అది వచ్చిందంటే బగ్గు మనదే.

ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్ ఒక్కటే మొండిది. కనెక్షన్ తెగినా అదే, ఒకే ఫైలు రెండోసారి ఎక్కించబోతే ఒకే పద్దు రెండుసార్లు పడకుండా కాసే యూనిక్ కీ తిరగబడినా అదే. మొదటిది కాలానిది, రెండోది గుమస్తాది. జావా 6 నుంచి దీనికి ఎస్‌క్యూఎల్‌ట్రాన్సియంట్‌ఎక్సెప్షన్, ఎస్‌క్యూఎల్‌ఇంటిగ్రిటీకన్‌స్ట్రెయింట్‌వయొలేషన్‌ఎక్సెప్షన్ లాంటి పిల్లలున్నాయి గానీ, జావాని డేటాబేస్‌తో కలిపే డ్రైవర్లన్నీ వాటిని వాడవు. మైఎస్‌క్యూఎల్ కనెక్టర్ డూప్లికేట్ కీకి ఆ ఇంటిగ్రిటీ క్లాసునే విసురుతుంది. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ మాత్రం అన్నిటికీ తన పీఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్‌నే ఇస్తుంది. అక్కడ క్లాసు పేరు ఏమీ చెప్పదు, గెట్‌ఎస్‌క్యూఎల్‌స్టేట్ ఇచ్చే ఐదు అక్షరాల కోడ్ చూడాలి. 23తో మొదలైతే కన్‌స్ట్రెయింట్ గొడవ, 08తో మొదలైతే కనెక్షన్ గొడవ.

నాలుగో అడుగు: గుంపును కోడ్‌లో రాయడం

2011లో వచ్చిన జావా 7 ముందు, సంబంధం లేని రెండు ఎక్సెప్షన్లకు ఒకే పని చేయించాలంటే బ్లాకు రెండు సార్లు రాయడమే గతి. జావా 7లో మల్టీ క్యాచ్ వచ్చింది. క్లాసుల మధ్య నిలువు గీత పెడితే చాలు. వరస చదివే మెథడ్ ఇలా ఉంటుంది:

పద్దు చదువు(స్ట్రింగ్ వరస, ఇంట్ ఎన్నో) త్రోస్ పద్దులోపం {
    స్ట్రింగ్[] గడులు = వరస.స్ప్లిట్(",", -1);
    ఇఫ్ (గడులు.లెంగ్త్ != 5)
        త్రో న్యూ పద్దులోపం(ఎన్నో, "గడులు 5 ఉండాలి");
    ట్రై {
        రిటర్న్ న్యూ పద్దు(
            లోకల్‌డేట్.పార్స్(గడులు[0]),
            ఇంటిజర్.పార్స్‌ఇంట్(గడులు[1]),
            ఇంటిజర్.పార్స్‌ఇంట్(గడులు[2]),
            న్యూ బిగ్‌డెసిమల్(గడులు[3]),
            న్యూ బిగ్‌డెసిమల్(గడులు[4]));
    } క్యాచ్ (నంబర్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్ | డేట్‌టైమ్‌పార్స్‌ఎక్సెప్షన్ ఈ) {
        త్రో న్యూ పద్దులోపం(ఎన్నో, వరస, ఈ);
    }
}

స్ప్లిట్‌కి ఇచ్చిన మైనస్ ఒకటి వల్ల చివరి ఖాళీ గడి పోకుండా నిలుస్తుంది. అప్పుడు ఐదో వరసలోని ఖాళీ రేటు కూడా నంబర్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్‌గానే వచ్చి ఇదే గుంపులో చేరుతుంది. ఒక రకం తగ్గింది. గుంపు కట్టే ముందు గుంపును చిన్నది చేయగలమా అని చూడడం మంచిది.

మల్టీ క్యాచ్‌కి కొన్ని షరతులున్నాయి. ఒకే గీతల వరసలో తల్లినీ బిడ్డనీ కలిపి రాయకూడదు. నోసచ్‌ఫైల్‌ఎక్సెప్షన్ | ఐఓఎక్సెప్షన్ అని రాస్తే కంపైలర్ ఒప్పుకోదు, తల్లి ఉంటే బిడ్డ అనవసరం కాబట్టి. వేరువేరు క్యాచ్‌లుగా రాసేటప్పుడు మాత్రం బిడ్డ పైన, తల్లి కింద ఉండాలి. తిరగేస్తే బిడ్డ ఇప్పటికే పట్టుబడిందని కంపైల్ ఎర్రర్ వస్తుంది. ట్రై లోపల వచ్చే అవకాశమే లేని చెక్డ్ ఎక్సెప్షన్ పేరు రాసినా అంతే.

మల్టీ క్యాచ్‌లో ఈ అనే వేరియబుల్ దానంతట అదే ఫైనల్, దానికి కొత్త విలువ ఇవ్వలేరు. ఇంకా ముఖ్యమైనది, దాని మీద పిలవగలిగేవి గుంపులో అందరికీ ఉమ్మడిగా ఉన్న మెథడ్లే. డేట్‌టైమ్‌పార్స్‌ఎక్సెప్షన్‌కి ఏ అక్షరం దగ్గర తప్పు పడిందో చెప్పే గెట్‌ఎర్రర్‌ఇండెక్స్ ఉంది, కానీ ఇక్కడ దాన్ని పిలవలేరు, నంబర్‌ఫార్మాట్‌కి అది లేదు కదా. అది కావాలంటే ఆ ఎక్సెప్షన్‌కి వేరే క్యాచ్ రాసుకోండి. లోపల ఇన్‌స్టాన్స్‌ఆఫ్ పెట్టి విడదీయడం మొదలుపెట్టారంటే అది ఒక గుంపు కాదనే లెక్క.

ఎక్సెప్షన్ మెసేజ్‌నే గుమస్తాకి చూపించకండి. నంబర్‌ఫార్మాట్ మెసేజ్ పార్స్‌ఇంట్ నుంచి వస్తే తప్పు ముక్కను కోట్స్ మధ్య చూపిస్తుంది, 9 పక్కన ఖాళీ ఉందని ప్రోగ్రామర్‌కి అర్థమవుతుంది. బిగ్‌డెసిమల్ నుంచి వస్తే జావా 8లో మెసేజ్ నల్‌గా కూడా ఉంటుంది. అందుకే పైన ఎన్నో వరస, అసలు వరస ఏంటి అన్నవి మనమే చేర్చాం.

ట్రైని వీలైనంత చిన్నగా ఉంచడం మర్చిపోకండి. డేటాబేస్‌లో చేర్చే లైను కూడా ఇదే ట్రైలో పెడితే, డ్రైవర్ లోపల ఎక్కడో వచ్చిన నంబర్‌ఫార్మాట్ కూడా గుమస్తా మీదకి పోతుంది.

ఐదో అడుగు: గుంపుకి ఒక సొంత పేరు

పైన పద్దులోపం అన్నది మనం రాసుకున్న క్లాసు. ఎక్సెప్షన్‌ని ఎక్స్‌టెండ్ చేసి, కన్‌స్ట్రక్టర్‌లో అసలు ఎక్సెప్షన్‌ని కాజ్‌గా తీసుకుంటుంది. కాజ్ ఇవ్వకుండా మెసేజ్ ఒక్కటే కాపీ చేస్తే అసలు తప్పు ఏ లైన్లో పడిందో అన్నది, ఎక్సెప్షన్ వచ్చిన దారి చూపే స్టాక్ ట్రేస్‌లోంచి మాయమవుతుంది. రెండు రోజుల తరవాత, ప్రోగ్రాము రాసిపెట్టిన లాగ్ ఫైలు చూసేవాడికి నరకం.

గుంపు అంటే ఇంటర్‌ఫేస్ గుర్తుకొస్తుంది చాలామందికి. ‘గుమస్తాదిద్దేది’ అని ఒక ఇంటర్‌ఫేస్ రాసి, దాన్నే క్యాచ్ చేస్తే సరిపోదా? సరిపోదు. జావాలో క్యాచ్‌లో రాసేది త్రోయబుల్ గానీ దాని కిందివి గానీ అయిన క్లాసే కావాలి. జెనరిక్ క్లాసు కూడా త్రోయబుల్‌ని ఎక్స్‌టెండ్ చేయలేదు. అయినా నంబర్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్ జావా వాళ్ళది, దానికి మన ఇంటర్‌ఫేస్ తగిలించలేం. కాబట్టి సొంత క్లాసులో చుట్టి పైకి పంపడమే ఉన్న దారి.

దీన్ని చెక్డ్‌గా ఉంచాలా, రన్‌టైమ్ కింద పెట్టాలా అన్నది ఎప్పుడూ నడిచే చర్చే. ఇలాంటి పనికి నేనైతే చెక్డ్ వైపే. పిలిచినవాడు దీన్ని పట్టించుకోకుండా పోవడానికి వీల్లేకుండా కంపైలరే అడ్డం పడుతుంది.

ఆరో అడుగు: అన్ని వరసల తప్పులూ ఒకేసారి చెప్పండి

రెండో వరస దగ్గరే ఆగిపోతే గుమస్తా అది దిద్దుతాడు, మళ్ళీ నడిపితే మూడో వరస, మళ్ళీ నాలుగోది. రాత్రి పూట ఈ తిప్పలు ఎవరికి కావాలి? వరసలన్నీ చదివి తప్పులను జాబితాలో పోగుచేసి చివర్లో ఒకేసారి విసరాలి. జావా 7లోనే వచ్చిన యాడ్‌సప్రెస్డ్ దీనికి సరిపోతుంది:

పద్దులోపం మొత్తం = న్యూ పద్దులోపం(తప్పులు.సైజ్() + " వరసల్లో తప్పులున్నాయి");
ఫర్ (పద్దులోపం ఒకటి : తప్పులు)
    మొత్తం.యాడ్‌సప్రెస్డ్(ఒకటి);
త్రో మొత్తం;

పట్టుకున్న చోట గెట్‌సప్రెస్డ్ పిలిస్తే అన్నీ వరసగా దొరుకుతాయి. స్టాక్ ట్రేస్ అచ్చేస్తే అందులోనూ కనిపిస్తాయి. జావా తనంతట తాను ఈ సదుపాయాన్ని, తెరిచినవాటిని తనే మూసే ట్రై-విత్-రిసోర్సెస్‌లో వాడుకుంటుంది. లోపల ఒక ఎక్సెప్షన్ వచ్చి, కనెక్షన్ మూసేటప్పుడు ఇంకొకటి వస్తే, మొదటిది ముందుకొచ్చి రెండోది సప్రెస్డ్‌గా దానికి అంటుకుంటుంది. పాత పద్ధతిలో ఫైనల్లీలో మూసినప్పుడు, మూసే దగ్గర వచ్చినది అసలు ఎక్సెప్షన్‌ని తుడిచిపెట్టేసేది.

తప్పున్న వరసలు వదిలేసి మంచివి ఎక్కించేద్దామా అని అడుగుతారు. నా ఓటు వద్దనే. అలా చేస్తే ఆ రోజు డేటాబేస్ మొత్తం, గుమస్తా చేతి పుస్తకంలో మొత్తం కలవవు, తేడా ఎక్కడుందో వెతకడమే పెద్ద పనవుతుంది. అన్నీ చదవడం ఒక దశ, ఏ తప్పూ లేకపోతే పడితే అన్నీ, లేదంటే ఏదీ పడని ఒకే ట్రాన్సాక్షన్‌లో అన్నీ చేర్చడం రెండో దశ.

ఏడో అడుగు: బయటి పొర

ట్రై {
    వరసలు = ఫైల్స్.రీడ్‌ఆల్‌లైన్స్(దారి);
    పద్దులు = అన్నీచదువు(వరసలు);
    అన్నీచేర్చు(పద్దులు);
} క్యాచ్ (పద్దులోపం | నోసచ్‌ఫైల్‌ఎక్సెప్షన్ | క్యారెక్టర్‌కోడింగ్‌ఎక్సెప్షన్ ఈ) {
    గుమస్తాకిచెప్పు(ఈ);
} క్యాచ్ (ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్ ఈ) {
    స్ట్రింగ్ స్థితి = ఈ.గెట్‌ఎస్‌క్యూఎల్‌స్టేట్();
    ఇఫ్ (స్థితి != నల్ && స్థితి.స్టార్ట్స్‌విత్("23")) గుమస్తాకిచెప్పు(ఈ);
    ఎల్స్ ఆగిచూడు(ఈ);
} క్యాచ్ (ఐఓఎక్సెప్షన్ ఈ) {
    ఆగిచూడు(ఈ);
}

మాల్‌ఫార్మ్‌డ్‌ఇన్‌పుట్ బదులు దాని తల్లి క్యారెక్టర్‌కోడింగ్‌ఎక్సెప్షన్ రాశాను. ఆ ఇంట్లో వాళ్ళందరికీ మందు ఒకటే కాబట్టి తల్లి పేరు చాలు. చుట్టరికం పనికొచ్చే చోట వాడుకోకపోవడం కూడా తెలివితక్కువే.

ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్‌ని ఐఓఎక్సెప్షన్‌తో గీత పెట్టి కలపలేకపోయింది స్థితి కోడ్ చూడాల్సి రావడం వల్లే. కలిపితే గెట్‌ఎస్‌క్యూఎల్‌స్టేట్ అందదు. స్థితి నల్‌గా రావచ్చు, ఆ చెక్ తీసేయకండి.

ఆగిచూడు లోపల త్రెడ్.స్లీప్ ఉంటుంది. దానితో ఇంటరప్టెడ్‌ఎక్సెప్షన్ వెంట వస్తుంది. చెక్డ్ కదా అని దాన్ని కూడా ఐఓఎక్సెప్షన్ పక్కన గీత పెట్టి కూర్చోబెడుతుంటారు. అలా చేయకూడదు. అది తప్పు కాదు, ఇక ఆపమని బయటి నుంచి వచ్చిన మాట. దాన్ని విడిగా పట్టుకుని, త్రెడ్.కరెంట్‌త్రెడ్().ఇంటరప్ట్() పిలిచి జెండా తిరిగి ఎత్తి, వెంటనే బయటికి రావాలి. ప్రయత్నాలకు హద్దు కూడా ఉండాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఆ ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రాత్రి హద్దులేని లూపు లాగ్ ఫైలును నింపడం తప్ప ఒరగబెట్టేదేమీ లేదు.

‘క్యాచ్ ఎక్సెప్షన్’కి చోటే లేదా అంటే, ఉంది, ఒకే ఒక్కచోట. మెయిన్ మెథడ్‌లో అన్నిటికన్నా బయట. అక్కడ స్టాక్ ట్రేస్ మొత్తం లాగ్ ఫైలులో రాసి, సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో ముగించండి. మధ్యలో ఎక్కడైనా లాగ్ ఫైలులో రాసి తిరిగి విసరాలనుకుంటే క్యాచ్ ఎక్సెప్షన్ రాసి త్రో ఈ అనొచ్చు. ఈకి కొత్త విలువ ఇవ్వనంత వరకు, ట్రై లోపల నిజంగా ఏ చెక్డ్ రకాలు రాగలవో కంపైలర్ గుర్తుంచుకుంటుంది. మెథడ్ తల మీద త్రోస్ ఎక్సెప్షన్ అని రాయనక్కర్లేదు, ఐఓఎక్సెప్షన్, ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్ అని విడిగా ప్రకటిస్తే చాలు.

ముసుగు వేసుకొచ్చే వాటి సంగతి కూడా చూడాలి. ఫైలు పెద్దదని రీడ్‌ఆల్‌లైన్స్ బదులు ఫైల్స్.లైన్స్ స్ట్రీమ్‌కి మారారనుకోండి, చదివే మధ్యలో వచ్చే ఐఓఎక్సెప్షన్ అన్‌చెక్డ్‌ఐఓఎక్సెప్షన్‌లో చుట్టుకుని వస్తుంది. అది రన్‌టైమ్ బిడ్డ, పైన రాసిన ఏ క్యాచ్‌కీ చిక్కదు. దాన్ని పట్టుకుని గెట్‌కాజ్ తీసి తిరిగి విసిరితే లోపలి సరుకు మన గుంపుల్లో సరైన చోటికి పోతుంది. వేరే త్రెడ్‌లో నడిచిన పని ఫలితం అడిగినప్పుడు ఫ్యూచర్.గెట్ ఇచ్చే ఎగ్జిక్యూషన్‌ఎక్సెప్షన్‌దీ ఇదే కథ.

టెస్టులు

జావాలో టెస్టులు రాసే లైబ్రరీ జేయూనిట్ 5లో అసర్ట్‌త్రోస్ బిడ్డ వచ్చినా ఒప్పుకుంటుంది. సరిగ్గా ఆ క్లాసే రావాలంటే 5.8లో చేరిన అసర్ట్‌త్రోస్‌ఎగ్జాక్ట్‌లీ వాడండి. పాడైన ఫైలు ఇచ్చి గెట్‌సప్రెస్డ్ పొడవు 4 అని చూడండి, కామా ఉన్న వరస ఆ నాలుగులో ఉండాలి. అంతకన్నా ముఖ్యంగా, వరస స్థానంలో నల్ ఇచ్చి నల్‌పాయింటర్ బయటికి వస్తోందా లేదా చూడండి. పద్దులోపంగా మారి వస్తే మీ గుంపు అవసరానికి మించి వెడల్పైందన్నమాట.

వేరే భాషలవాళ్ళకి

పీహెచ్‌పీ 7.1 నుంచి ఇదే నిలువు గీత ఉంది. రూబీలో రెస్క్యూ పక్కన కామాలతో పేర్లు రాస్తారు. కాట్లిన్‌లో మల్టీ క్యాచ్ లేదు. క్యాచ్ లోపల వెన్ పెట్టి రకాలు విడదీసి, ఏదీ కాకపోతే తిరిగి విసరాలి. సీ షార్ప్ ఈ విషయంలో జావా కంటే మెరుగు. 6వ వెర్షన్ నుంచి క్యాచ్ పక్కనే వెన్ అని షరతు రాసుకోవచ్చు, మనం ఎస్‌క్యూఎల్ స్థితి కోసం పడ్డ పాట్లు అక్కడ ఒక్క లైను.

పైథాన్‌లో బ్రాకెట్ల మధ్య టపుల్‌గా పేర్లు ఇవ్వడం ఎప్పటినుంచో ఉంది. 2022 అక్టోబర్‌లో వచ్చిన 3.11తో ఒకేసారి వచ్చిన చాలా ఎక్సెప్షన్లను ఒక మూటగా మోసే ఎక్సెప్షన్‌గ్రూప్, దాన్ని విడదీసే ‘ఎక్సెప్ట్ స్టార్’ చేరాయి. మామూలు ఎక్సెప్ట్‌లో మొదట సరిపోయిన ఒక్క బ్లాకే నడుస్తుంది. స్టార్ ఉన్నవాటిలో మూటలోంచి తమకు చెందినవి తీసుకుంటూ ఒకటి కంటే ఎక్కువ బ్లాకులు నడవచ్చు, ఎవరూ తీసుకోనివి బయటికి పోతాయి. ఒకే ట్రైకి స్టార్ ఉన్న ఎక్సెప్ట్, లేని ఎక్సెప్ట్ కలిపి రాయడం కుదరదు. స్టార్ బ్లాకులోంచి రిటర్న్, బ్రేక్, కంటిన్యూతో బయటికి దూకడం కూడా కుదరదు, సింటాక్స్ ఎర్రర్ వస్తుంది.